గస్తీ సైకిల్ బృందం తరఫున ట్రేడ్ షోకు వెళ్లడం ఎలా: సన్నాహం నుంచి నివేదిక దాకా

సైకిల్ మీద గస్తీ తిరిగే పోలీసులు, రద్దీలో అంబులెన్సు కంటే ముందే రోగిని చేరుకునే వైద్య సహాయకులు, విశ్వవిద్యాలయ ప్రాంగణాల్లో రాత్రిళ్లు కాపలా కాసే భద్రతా సిబ్బంది తరఫున సైకిల్ ట్రేడ్ షోకు (తయారీదారులు తమ సరుకు చూపే వ్యాపార ప్రదర్శనకు) వెళ్లేటప్పుడు ఏం చూడాలి, ఎవరిని ఏం అడగాలి అని కొన్నాళ్లుగా చాలామంది అడుగుతున్నారు. అమెరికాలో ఒక విశ్వవిద్యాలయ గస్తీ బృందానికి సైకిళ్లు, సామగ్రి ఎంపిక చేసే బాధ్యత నాది. ఆ పని చేస్తూ నేర్చుకున్నదంతా వరుసగా ఇక్కడ పెడుతున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక విషయం మనసులో ఉంచుకోవాలి. ట్రేడ్ షో దుకాణదారుల కోసం, ఆటగాళ్ల కోసం ఏర్పాటు చేసేది. అక్కడి సైకిల్‌ను తయారు చేసినవారు ఆదివారం ఉదయం 2 గంటలు తొక్కే మనిషిని ఊహించుకుని చేశారే తప్ప, నడుముకు బెల్టు, ఒంటికి రక్షణ కవచం, వెనుక బ్యాగు పెట్టుకుని 8 గంటల షిఫ్టులో వందసార్లు ఎక్కి దిగే మనిషిని ఊహించుకుని కాదు. అందుచేత అక్కడ కనిపించే ప్రతి వస్తువునూ మన డ్యూటీకి సరిపెట్టి చూడడమే మనం చేయవలసిన అసలు పని.

## 1. ఏ ప్రదర్శనకు వెళ్లాలో తేల్చుకోండి

పాత సలహాలు చదివినవారు ఇప్పటికీ ఇంటర్‌బైక్ గురించి అడుగుతుంటారు. ఏళ్ల తరబడి లాస్ వెగాస్‌లో జరిగిన ఆ ప్రదర్శన 2018లో రీనోలో చివరిసారి జరిగి ఆగిపోయింది కాబట్టి దాన్ని లెక్కలోంచి తీసేయండి. ఇప్పుడు ముఖ్యంగా పరిశీలించదగినవి ఇవి.

- సీ ఒట్టర్ క్లాసిక్: ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలోని మాంటెరీ దగ్గర లగూనా సెకా రేస్ ట్రాక్‌లో జరుగుతుంది. ఇది ఆరుబయట జరిగే సైకిల్ పండుగ కాబట్టి సైకిళ్లను తొక్కి చూసే వీలు ఎక్కువ.
- యూరోబైక్: 2022 నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌లో, వేసవిలో జరుగుతోంది. ఎలక్ట్రిక్ సైకిళ్లు, సరుకు మోసే సైకిళ్లు, బ్యాగులు, లైట్లు చూడడానికి అనువైనది. మొదటి రోజులు వ్యాపారులకు, చివరి రోజులు సాధారణ సందర్శకులకు కేటాయిస్తారు.
- తైపీ సైకిల్ షో: మార్చిలో నాన్‌గాంగ్ ప్రదర్శన కేంద్రంలో జరుగుతుంది. ఫ్రేములు, విడిభాగాలు స్వయంగా తయారు చేసేవారు దొరికే చోటు ఇది.
- ఐపీఎంబీఏ వార్షిక సదస్సు: అంతర్జాతీయ పోలీస్ మౌంటెన్ బైక్ సంఘం జరిపే ఈ సదస్సు ట్రేడ్ షో కాదు గానీ, అక్కడ సామగ్రి ప్రదర్శన కూడా ఉంటుంది. అమ్మేవారికి మన పని ముందే తెలిసి ఉండడం అక్కడి సౌలభ్యం.

తొలిసారి వెళ్లేవారు తొక్కి చూడగలిగే ప్రదర్శనకే వెళ్లాలని నా అభిప్రాయం. సైకిళ్లు బాగానే ఉండి లైట్లు, బ్యాగులు, సీట్లతోనే ఇబ్బంది పడుతున్న బృందానికి ఫ్రాంక్‌ఫర్ట్ మేలు. పెద్ద సంఖ్యలో కొనే సంస్థ అయితే తప్ప తైపీ ఖర్చు గిట్టుబాటు కాదు.

## 2. మూడు నెలల ముందు ఫిర్యాదుల పుస్తకం తెరవండి

"మీకు ఏం కావాలి?" అని సిబ్బందిని అడగకండి. అలా అడిగితే కేటలాగులో చూసిన వస్తువుల పేర్లు చెబుతారు. దానికి బదులు మూడు ప్రశ్నలు అడగండి: పోయిన నెలలో ఏది విరిగింది? ఏది నొప్పి పెట్టింది? ఏది మిమ్మల్ని ఆలస్యం చేసింది?

రాత్రి షిఫ్టు వారిని విడిగా కూర్చోబెట్టి అడగాలి, ఎందుకంటే వారి కష్టాలు పగటివారి కష్టాల్లాంటివి కావు. సైకిళ్లు బాగు చేసే మెకానిక్‌ను అందరికంటే ఎక్కువసేపు అడగాలి. ఏ భాగం నెలకోసారి తన బల్ల మీదికి వస్తోందో ఆయనకే తెలుస్తుంది.

మా బృందంలో రాత్రి డ్యూటీ చేసే ఒక సహోద్యోగి పుస్తకంలో "బ్యాగు జిప్పు" అని రెండే మాటలు రాశాడు. వెళ్లి చూస్తే, చలికి వేసుకునే మందపాటి గ్లవుజులతో జిప్పు కొస పట్టు చిక్కక, దానికి పాత బూటు లేసు ముక్క ముడివేసి, ఆ ముడి జారకుండా టేపు చుట్టుకుని వాడుకుంటున్నాడు. ఆ ముడి ఫోటో తీసుకుని ప్రదర్శనకు వెళ్లాను. బ్యాగుల స్టాళ్లలో నేను చెప్పిన వివరణ కంటే ఆ ఒక్క ఫోటోయే త్వరగా పని చేసింది.

వచ్చిన ఫిర్యాదులను ఈ వరుసలో పెట్టి, ఏడుకు మించకుండా ఎంచుకోండి.

1. ప్రాణానికి ముప్పు తెచ్చేవి: బ్రేకులు, లైట్లు, హెల్మెట్.
2. శరీరాన్ని నెమ్మదిగా దెబ్బతీసేవి: సీటు, హ్యాండిల్, ఫ్రేము కొలత.
3. పని ఆపేసేవి: పంక్చర్లు, వంగిన గేరు భాగాలు, ఊడిన క్యారియర్లు.
4. చిరాకు పెట్టేవి: జిప్పులు, స్టాండ్లు, మడ్‌గార్డులు.

## 3. ప్రతిదీ తూకం వేసి రాసుకోండి

ఈ పని చేయకుండా వెళ్లినవారు స్టాలు ముందు నిలబడి అడగవలసిన మొదటి ప్రశ్నే అడగలేరు. బృందంలో అందరికంటే బరువైన వ్యక్తిని పూర్తి డ్యూటీ సామగ్రితో తూకం మీద నిలబెట్టండి. ఆ తరువాత సైకిల్‌ను, నిండిన బ్యాగును విడివిడిగా తూచండి.

ఉదాహరణకు మనిషి 92 కిలోలు, బెల్టు, కవచం, రేడియో కలిపి 11, బ్యాగు 7, సైకిల్ 16 అనుకుంటే మొత్తం 126 కిలోలు అవుతుంది. మౌంటెన్ సైకిళ్లకు తయారీదారులు తరచుగా చెప్పే గరిష్ఠ పరిమితి 136 కిలోలు, అంటే 300 పౌండ్లు. మిగిలింది 10 కిలోలే. అదే వైద్య సహాయకుడైతే ఆక్సిజన్ సిలిండరు, గుండెకు షాక్ ఇచ్చే యంత్రం, మందుల సంచి తోడై ఆ 10 కిలోలూ మిగలకపోవచ్చు.

ఆ పరిమితిలో సైకిల్ బరువు కూడా కలిసి ఉందా లేదా అన్నది కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి, ప్రతి స్టాలులోనూ ఆ ప్రశ్న వేసి జవాబును రాసుకోవాలి.

## 4. అనుమతి, నమోదు, ముందస్తు సమావేశాలు

అనుమతి పత్రం. ఎందుకు వెళ్తున్నారో, ఖర్చు ఎవరిదో, తిరిగి వచ్చాక ఏం సమర్పిస్తారో రాసిన లేఖపై పై అధికారి సంతకం తీసుకోండి. ప్రయాణం, బస ఖర్చుల్లో ఏ భాగాన్నీ అమ్మకందారు భరించకూడదు. అలా ఒక్కసారి జరిగినా తరువాత జరిగే కొనుగోలు అంతా అనుమానాస్పదమవుతుంది.

నమోదు. వ్యాపారులకు మాత్రమే కేటాయించిన రోజుల్లో ప్రవేశానికి వృత్తి రుజువు అడగవచ్చు. సంస్థ తరఫున కొనుగోలు చేసేవారిగా నమోదు చేసుకుని, కార్యాలయ లేఖను, గుర్తింపు కార్డును, విజిటింగ్ కార్డులను దగ్గర ఉంచుకోండి.

వీసా. భారత పాస్‌పోర్టుతో అమెరికాలో ఉంటున్న మనవాళ్లు ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లాలంటే షెంజెన్ వీసా (జర్మనీతో సహా చాలా ఐరోపా దేశాలకు ఉమ్మడి వీసా) కావాలి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు కాబట్టి ఆఖరి నెల దాకా ఆగవద్దు.

సమావేశాలు. నెల ముందే కంపెనీలకు రాయండి. మా దగ్గర ఇన్ని సైకిళ్లు ఉన్నాయి, ఇన్నేళ్లకోసారి ఇన్ని మారుస్తాం, మా ఫిర్యాదులు ఇవి అని అంకెలతో రాస్తే, స్టాలు ముందు నిలబడే అమ్మకాల కుర్రాడు కాకుండా ఆ వస్తువు రూపకల్పన తెలిసిన మనిషి మీకు సమయం ఇస్తాడు. రోజుకు ఐదు సమావేశాలకు మించి పెట్టుకోకండి.

యూనిఫాం వేసుకుని వెళ్లకండి. సంస్థ పేరున్న మామూలు చొక్కా చాలు. ఆయుధాల సంగతి చెప్పనక్కరలేదు.

## 5. వెంట తీసుకెళ్లవలసినవి

- వేలాడదీసి తూచే చిన్న త్రాసు
- కొలత టేపు, వెర్నియర్ కాలిపర్
- డ్యూటీలో వాడే గ్లవుజులు, డ్యూటీ బూట్లు
- ఖాళీ బెల్టు, దానికి తగిలించడానికి రేడియో బరువుకు సమానమైన ఇసుక సంచులు
- ఇప్పుడు వాడుతున్న లైటు, బ్యాగుల బిగింపు భాగాలు (కొత్తవి వాటికి పడతాయో లేదో అక్కడే చూడడానికి)
- 4, 5, 6 మిల్లీమీటర్ల ఎలెన్ కీలు (విమానంలో చెక్-ఇన్ సామానులో పెట్టండి)
- బరువుల పట్టిక, ఏడు ఫిర్యాదుల కాగితం, విరిగిన భాగాల ఫోటోలు
- గట్టి అట్ట ఉన్న నోటుపుస్తకం, రెండు పెన్నులు

ఇద్దరు వెళ్లగలిగితే ఒకరు రోజూ గస్తీ తిరిగేవారు, మరొకరు మెకానిక్ అయి ఉండాలి. ఇద్దరు అధికారులు వెళ్లడం దండగ.

## 6. మొదటి రోజు ఎలా గడపాలి

తలుపులు తెరిచిన తొలి రెండు గంటలు ఎవరితోనూ మాట్లాడకుండా హాళ్లన్నీ ఒక చుట్టు తిరగండి. చేతిలో మ్యాపు పెట్టుకుని, మీ ఏడు ఫిర్యాదులకు సంబంధించిన స్టాళ్ల మీద ఆ ఫిర్యాదు అంకె వేయండి. పెద్ద కంపెనీల మెరుపుల మధ్య ఆగిపోతే, గోడవార చిన్న స్టాళ్లలో ఉండే క్యారియర్లు, స్టాండ్లు, రిమ్ముల తయారీదారులను చూసే సమయం మిగలదు. మనకు పనికొచ్చేవి ఎక్కువగా అక్కడే ఉంటాయి.

మధ్యాహ్నం ముందే కుదుర్చుకున్న సమావేశాలకు వెళ్లండి. సాయంత్రం గదికి చేరగానే అరగంట కూర్చుని ఆ రోజు చూసినదంతా శుభ్రంగా రాయండి. మర్నాటికి ఏ క్యారియరు ఎవరిదో కలగాపులగమైపోతుంది. చివరి రోజు మధ్యాహ్నం నుంచి స్టాళ్లు సర్దుకోవడం మొదలవుతుంది కాబట్టి ముఖ్యమైన మాటలేవీ అప్పటికి వాయిదా వేయకూడదు.

## 7. ప్రతి వస్తువునూ పరీక్షించే పద్ధతి

### 7.1 సీటు

దీన్నే ముందు పెట్టడానికి కారణం ఉంది. అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్, సైకిల్ గస్తీ చేసే 90 మంది పోలీసులకు ముక్కు (ముందుకు పొడుచుకొచ్చే భాగం) లేని సీట్లు ఇచ్చి 6 నెలలు పరిశీలించింది. 2008లో వెలువడిన ఆ అధ్యయనంలో, తొక్కేటప్పుడు మర్మావయవాల దగ్గర తిమ్మిరి రాలేదని చెప్పినవారు 27 శాతం నుంచి 82 శాతానికి పెరిగారు. ఈ విషయం మాట్లాడడానికి మనవాళ్లు సిగ్గుపడతారు. సిబ్బంది నోరు విప్పరు, అధికారులు అడగరు, బాధ మాత్రం ఏళ్ల తరబడి సాగుతుంది. మీరే చొరవ తీసుకుని అడగండి.

స్టాలులో ఐదు నిమిషాలు కూర్చుంటే సీటు గురించి ఏమీ తెలియదు. మూడు వారాల వాడకానికి రెండు సీట్లు అరువు ఇస్తారా అని అడగండి. సీటు కింది కమ్మీలు మీ సీటు గొట్టం బిగింపుకు సరిపోతాయో లేదో కాలిపర్‌తో కొలవండి. ముక్కు లేని సీటుకు మారితే తొడలతో సైకిల్‌ను అదుపు చేసే ఆసరా పోతుంది కాబట్టి, నెమ్మదిగా తిప్పే విన్యాసాలను సిబ్బంది మళ్లీ సాధన చేయాలి. ఆ సమయాన్ని కూడా ప్రణాళికలో కలపండి.

### 7.2 ఫ్రేము, చక్రాలు, గేర్లు

బరువు పరిమితి అడిగిన వెంటనే వారంటీ సంగతి అడగండి. అద్దెకు ఇవ్వడం, వ్యాపార అవసరాలకు వాడడం వంటివాటికి వారంటీ వర్తించదని చాలా కంపెనీల పత్రాల్లో ఉంటుంది. గస్తీ వాడకం అందులోకి వస్తుందా అన్నదానికి నోటిమాట కాకుండా రాతలో జవాబు తీసుకోవాలి.

చక్రానికి 32 చువ్వలు ఉన్నాయో 36 ఉన్నాయో లెక్కపెట్టండి. బరువుతో ఫుట్‌పాత్ అంచుల మీద నుంచి, మెట్ల మీద నుంచి దిగే సైకిల్‌కు వెనుక చక్రంలో 36 ఉండడం మంచిది. స్టాండు బిగించే చోటు వెనుక గొట్టం మీద ప్రత్యేకంగా ఉందా, దాని రెండు రంధ్రాల మధ్య దూరం ఎంత అన్నది కొలవండి. 18, 40 మిల్లీమీటర్ల దూరాలు సాధారణం. నిండు బ్యాగుతో ఉన్న సైకిల్ ఆ స్టాండు మీద నిలబడుతుందో లేదో ఇసుక సంచులు వేసి అక్కడికక్కడే చూడండి.

పరుగున దిగినవారు సైకిల్‌ను కుడివైపుకు పడేస్తే వెనుక గేరు వేలాడే కొక్కెం వంగుతుంది. మా మెకానిక్ పుస్తకంలో పంక్చర్ తరువాత ఎక్కువగా కనిపించేది ఇదే. స్రామ్ కంపెనీ 2019లో తెచ్చిన యూడీహెచ్ కొక్కెం వేర్వేరు కంపెనీల ఫ్రేములకు ఒకటే సరిపోతుంది కాబట్టి, ఆ అమరిక ఉన్న ఫ్రేములు తీసుకుంటే డ్రాయరులో పది రకాల కొక్కేలు దాచుకునే పని తప్పుతుంది. సైకిల్‌ను ఎడమవైపుకు పడుకోబెట్టడం సిబ్బందికి నేర్పడం ఖర్చు లేని పరిష్కారం.

### 7.3 చప్పుడు

తొక్కడం ఆపగానే వెనుక చక్రం టిక్‌టిక్‌మనడం ఆటగాళ్లకు ముచ్చటగా ఉంటుంది. అర్ధరాత్రి కారు అద్దం పగలగొడుతున్నవాడి వైపు వెళ్తున్న మనిషికి అది పది గజాల ముందే చాటింపు వేసినట్టవుతుంది.

హాలులోని హోరులో ఈ తేడా తెలియదు. వెనుక చక్రాన్ని పైకెత్తి తిప్పి, ఫోనును చక్రపు కుదురు దగ్గర పెట్టి రికార్డు చేసుకుని, గదిలో ఒకదాని తరువాత ఒకటి వినండి. టిక్‌టిక్‌మనే పళ్లకు బదులు స్ప్రాగ్ క్లచ్ అనే అమరిక వాడే ఓనిక్స్ కంపెనీ హబ్‌ల (చక్రపు కుదుళ్ల) వంటివి నిశ్శబ్దంగా తిరుగుతాయి గానీ బరువు, ధర రెండూ ఎక్కువ.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. జపాన్ విడిభాగాల కంపెనీ షిమానో 2018లో సైలెన్స్ పేరుతో చప్పుడు లేని హబ్‌ను ప్రకటించింది, కానీ ఆ అమరిక లేకుండానే హబ్‌లను అమ్మకానికి తెచ్చింది. ప్రదర్శనలో కనిపించిన ప్రతిదీ దుకాణానికి రాదు. "ఇది ఇప్పుడు గిడ్డంగిలో ఉందా, ఏ నెలలో పంపగలరు?" అని అడగకుండా ఏ వస్తువునూ జాబితాలో చేర్చకండి.

### 7.4 బ్రేకులు

హైడ్రాలిక్ డిస్క్ బ్రేకుల్లో షిమానో మినరల్ ఆయిల్ వాడుతుంది. మరికొన్ని బ్రేకులకు డాట్ ద్రవం (కార్ల బ్రేకుల్లో వాడే రకం) కావాలి. ఒకదానిలో రెండోది పోస్తే లోపలి సీళ్లు పాడవుతాయి. పది మంది చేతులు పడే షెడ్డులో రెండు రకాలు ఉంటే ఎప్పుడో ఒకప్పుడు ఆ పొరపాటు జరుగుతుంది కాబట్టి, బృందం మొత్తానికి ఒకే రకం ఎంచుకోండి. బ్రేకు ప్యాడ్ ఆకారం చాలాచోట్ల దొరికేదేనా అని చూసుకోండి.

### 7.5 లైట్లు

ఇందులో నేను చేసిన పొరపాటు చెబుతాను. ఒక ప్రదర్శనలో కళ్లు జిగేల్‌మనిపించే లైటు చూసి, దాని వెలుగు అంకెకే లొంగిపోయి, మా బృందానికి అదే కొనాలని రాశాను. ఆ లైటు బ్యాటరీ ఆ కంపెనీ మాత్రమే తయారు చేసే ఆకారంలో ఉంది. రెండేళ్లకు బ్యాటరీలు నీరసించాయి, అప్పటికి కంపెనీ ఆ నమూనాను ఆపేసింది. బాగా పని చేస్తున్న లైట్లను అలమరలో పడేయవలసి వచ్చింది. చీకట్లో తిరిగే సహోద్యోగులు నా సంతకం వల్ల ఒక నెల పాటు పాత లైట్లతో గడిపారు.

అప్పటి నుంచి ఈ వరుసలోనే అడుగుతాను.

- ఆరిపోయే దాకా కాదు, పూర్తి వెలుగుతో ఎన్ని గంటలు వెలుగుతుంది?
- బ్యాటరీ విడిగా దొరుకుతుందా, సాధారణ కేబుల్‌తో చార్జ్ అవుతుందా?
- గ్లవుజులతో స్విచ్చి నొక్కగలమా?
- ఎదుటివారి కళ్లలో పడకుండా వెలుగు పై అంచు కత్తిరించినట్టు ఉందా? జర్మనీ రోడ్డు నిబంధనలకు తగినట్టు చేసిన లైట్లలో ఈ గుణం ఉంటుంది.

ఎరుపు, నీలం మెరుపు లైట్లు ఎవరు వాడవచ్చో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో చట్టం. ప్రాంగణ భద్రతా సిబ్బంది కొనే ముందు తమ రాష్ట్ర నిబంధన చూసుకోవాలి.

### 7.6 క్యారియరు, బ్యాగులు

క్యారియరు మీద 25 కిలోలని రాసి ఉన్నా, ఫ్రేము తయారీదారు అంతకంటే తక్కువ చెప్పి ఉండవచ్చు. రెండింటిలో తక్కువదే లెక్క. బ్యాగులో బరువు వేసి, క్యారియరును చేత్తో అటూ ఇటూ ఊపి చూడండి. ఊగులాట ఉంటే మెట్ల మీద అది రెట్టింపవుతుంది. గ్లవుజులు తొడుక్కుని, కళ్లు మూసుకుని, ఒంటిచేత్తో జిప్పు తీయండి. మూడుసార్లలో ఒక్కసారి తడబడినా ఆ బ్యాగు వద్దు.

వైద్య బృందం అయితే షాక్ యంత్రం పెట్టెను వెంట తెచ్చుకోలేకపోయినా, దాని కొలతల్లో అట్టపెట్టె ఒకటి చేసి తీసుకెళ్లండి. బ్యాగులో ఎంత పడుతుందో అంకెలు చెప్పే లీటర్ల కంటే ఆ అట్టపెట్టె నమ్మదగినది.

### 7.7 ఎలక్ట్రిక్ సైకిళ్లు

అమెరికాలో చాలా రాష్ట్రాలు మూడు తరగతులు పాటిస్తాయి. మొదటిది తొక్కితేనే సాయం, గంటకు 20 మైళ్ల వరకు. రెండోది తొక్కకపోయినా థ్రాటిల్‌తో నడిచేది, 20 మైళ్ల వరకు. మూడోది తొక్కితే సాయం, 28 మైళ్ల వరకు. ఐరోపాలో మామూలు హద్దు 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్లు. భారతదేశంలోనూ ఆ లోపు ఉన్నవాటికి రిజిస్ట్రేషన్ అవసరం లేదు. అందుచేత ఫ్రాంక్‌ఫర్ట్‌లో నచ్చిన సైకిల్ అమెరికా నమూనాలో వేరే మోటారుతో రావచ్చు. అక్కడ తొక్కిందే ఇక్కడ వస్తుందనుకోకండి.

ఎంత దూరం వస్తుందన్న ప్రకటనను పక్కన పెట్టి మీరే లెక్క కట్టండి. 500 వాట్-గంటల బ్యాటరీ, మోటారు సగటున 100 వాట్లు వాడితే 5 గంటలు వస్తుంది. 8 గంటల షిఫ్టుకు రెండో బ్యాటరీ కావాలి, లేదా మధ్యలో చార్జింగ్ కావాలి.

చార్జింగ్ గదిలో అగ్నిప్రమాదం గురించి ఆలోచించవలసింది కూడా మనమే. మొత్తం విద్యుత్ వ్యవస్థకు యూఎల్ 2849, బ్యాటరీకి యూఎల్ 2271 అనే అమెరికా భద్రతా ప్రమాణాల ధ్రువీకరణ ఉందా అని అడిగి, పత్రం నకలు తీసుకోండి. న్యూయార్క్ నగరం 2023 నుంచి ఇలాంటి ధ్రువీకరణ లేనివాటి అమ్మకాన్నే నిషేధించింది. ఇంకొకటి: 160 వాట్-గంటలు దాటిన బ్యాటరీని ప్రయాణికుల విమానంలో తీసుకురానివ్వరు కాబట్టి, నమూనా బ్యాటరీ ఇస్తామన్నా చేతికి తీసుకోకుండా సరుకు రవాణాలో పంపమనండి.

### 7.8 హెల్మెట్, చొక్కా

అమెరికాలో అమ్మే సైకిల్ హెల్మెట్‌కు సీపీఎస్‌సీ (అక్కడి వినియోగ వస్తువుల భద్రతా సంస్థ) ప్రమాణ ముద్ర, ఐరోపాలో ఈఎన్ 1078 ప్రమాణ ముద్ర ఉండాలి. రేడియో ఇయర్‌ఫోను పెట్టుకుని పట్టీ బిగించి చూడండి. మెరిసే చొక్కాల్లో ఏఎన్‌ఎస్‌ఐ 107 అనే అమెరికా ప్రమాణం కింద ప్రజా భద్రతా సిబ్బందికి "పి" రకం ఉంది. నడుము బెల్టు అందేలా పొట్టిగా కుట్టే వీలు దానిలో ఉంటుంది.

## 8. స్టాలులో తప్పక అడగవలసిన ప్రశ్నలు

1. ఈ నమూనాకు విడిభాగాలు ఎన్నేళ్లు దొరుకుతాయి? రాసి ఇస్తారా?
2. 15 సైకిళ్లకు ధర ఎంత, 1 సైకిల్‌కు ఎంత?
3. సంస్థలకు నేరుగా అమ్ముతారా, దుకాణం ద్వారానా?
4. మా మెకానిక్‌కు శిక్షణ ఇస్తారా?
5. పోలీసులకు, భద్రతా సిబ్బందికి అమ్మడంపై మీ కంపెనీ విధానం ఏమిటి?

ఐదో ప్రశ్న అనవసరం అనుకోకండి. 2020 జూన్‌లో, నిరసనకారులపై పోలీసులు సైకిళ్లను ప్రయోగించారన్న విమర్శల తరువాత, ఫ్యూజీ సైకిళ్లను అమెరికాలో పంపిణీ చేసే సంస్థ పోలీసు సైకిళ్ల అమ్మకాన్ని నిలిపివేసింది. అలా ఆగిపోతే ఉన్న సైకిళ్లకు భాగాలు ఎలా అన్నది ముందే ఆలోచించుకోవాలి. ఆ విమర్శ వెనుక ఉన్న ఆవేదనను కూడా మన బృందాలు శ్రద్ధగా వినాలని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. సైకిల్ గస్తీ విలువ జనంతో మాట కలపడంలోనే ఉంది.

## 9. తొక్కి చూసేటప్పుడు

బెల్టుకు ఇసుక సంచులు తగిలించుకుని, డ్యూటీ బూట్లతోనే తొక్కండి. నేరుగా వేగంగా పోవడం దండగ. నడక వేగంతో చిన్న వలయంలో తిరగండి, హఠాత్తుగా ఆగండి, ఒక కాలు తిప్పి కదులుతుండగానే దిగండి, ఎదురుగా చూస్తూ ఒక చేత్తో రేడియో అందుకోండి. ఫుట్‌పాత్ అంచు ఎక్కి దిగడానికి అనుమతి అడగండి. దిగగానే, ఇంకొకరితో మాట్లాడక ముందే, మూడు వాక్యాలు రాసుకోండి.

## 10. కానుకలు, ఫోటోలు

సీసాలు, టోపీలు, చిన్న లైట్లు ఉచితంగా ఇస్తారు. మీ సంస్థ నిబంధన అనుమతించిన విలువ దాటితే మర్యాదగా వద్దనండి. పరీక్షకు ఇచ్చే నమూనాలను సంస్థ పేరు మీద, తిరిగి ఇచ్చే తేదీతో రసీదు రాసి తీసుకోండి. ఫోటో తీసే ముందు ప్రతిసారీ అడగండి.

## 11. తరచుగా జరిగే పొరపాట్లు, వాటికి సవరణలు

కేటలాగులు మోసుకురావడం. 10 కిలోల కాగితాలు ఇంటికి వచ్చి అలాగే ఉండిపోతాయి. కార్డు వెనుక ఫిర్యాదు అంకె, ఒక వాక్యం రాసుకుంటే చాలు.

తన ఇష్టాన్ని బృందం అవసరంగా చూపడం. వెళ్లిన మనిషి సైకిల్ ప్రియుడైతే తేలికైన ఫ్రేము వైపు మనసు లాగుతుంది. ఏడు ఫిర్యాదుల కాగితాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, ప్రతి స్టాలు ముందు ఒకసారి తీసి చూసుకోవాలి.

మాట ఇచ్చేయడం. "మేం తీసుకుంటాం" అనే మాట నోట రాకూడదు. ప్రభుత్వ సంస్థల పెద్ద కొనుగోళ్లు సాధారణంగా టెండరు ద్వారా జరుగుతాయి. భారతదేశంలో అయితే ప్రభుత్వ కొనుగోళ్ల వెబ్‌సైటు జెమ్ పోర్టల్ నిబంధనలు కూడా చూడాలి. "నివేదికలో రాస్తాను" అనడమే సరైన జవాబు.

చిన్న కొలతలను మరచిపోవడం. బృందంలో పొట్టిగా ఉన్నవారికి, ముఖ్యంగా మహిళలకు, సరిపడే ఫ్రేము కొలత, వారి చేతికి అందే బ్రేకు లివరు ఉన్నాయో లేదో అడగకుండా వచ్చేస్తారు. అందరికంటే పొట్టి వ్యక్తి కాళ్ల కొలత, అరచేతి కొలత కూడా పట్టికలో రాసుకుని వెళ్లండి.

## 12. తిరిగి వచ్చాక

48 గంటల్లోపు మీరు కలిసిన ప్రతి వ్యక్తికీ రెండు వాక్యాల ఉత్తరం రాసి, వారు ఇస్తామన్న పత్రాన్ని గుర్తు చేయండి. వారం దాటితే వారికి మీ ముఖం గుర్తుండదు.

నివేదిక నాలుగు పేజీలకు మించనవసరం లేదు. ఒక్కో ఫిర్యాదు కింద ఏం చూశారు, ఏది తిరస్కరించారు, ఎందుకు తిరస్కరించారు, దేన్ని పరీక్షించాలంటున్నారు, ఎంత ఖర్చు అన్నది రాయండి. తిరస్కరించిన కారణాలు రాయడం చాలా ముఖ్యం. వచ్చే ఏడాది వెళ్లే మరొకరు అదే లైటు చూసి మళ్లీ మోసపోకుండా అవే కాపాడతాయి.

అరువుకు వచ్చిన నమూనాలను ఫిర్యాదు రాసినవారికే ముందు ఇవ్వండి. 90 రోజుల పాటు షిఫ్టు చివర ఒక్కో వాక్యం రాయమని అడగండి. జిప్పుకు లేసు కట్టుకున్న మా సహోద్యోగికి, పెద్ద ఉంగరం లాంటి కొస ఉన్న బ్యాగు ఇచ్చాం. మూడో వారంలో అతడు రాసిన వాక్యం: "ఉంగరం బాగుంది, వానలో జిప్పు పట్టేస్తోంది." ఆ వాక్యాన్ని తేదీతో సహా తయారీదారుకు పంపాం. మార్చిన జిప్పుతో రెండో నమూనా వచ్చే దాకా కొనుగోలు కాగితం మీద సంతకం పెట్టలేదు.